లెక్క పెరిగితే జ్ఞానం పెరిగినట్టేనా?

కొత్త జాతి జీవిని కనుగొన్నారన్న వార్త వచ్చినప్పుడల్లా దాదాపు ఒకే కథ చదువుతాం. మనిషి అడుగుపెట్టని అడవి, అక్కడ రాళ్ల కింద, పుచ్చిన మానుల్లో వెతికిన బృందం, ఇంతవరకూ ఎవరూ చూడని పురుగు, దానికి పెట్టిన పేరు, చివర్లో ఒక అంకె. ఈ ఏడాది ఇన్ని కొత్త జాతులు, నిరుడు అన్ని. జీవుల వర్గీకరణ అంటే కనబడనివాటిని వెతికి పేర్లు పెట్టుకుంటూ పోవడమేననీ, పేర్ల జాబితా ఎంత పొడవైతే ప్రకృతి మనకు అంతగా తెలిసినట్టనీ ఈ కథ నమ్మిస్తుంది. ఆ నమ్మకం తప్పు. కొత్త పేరు ఒక ప్రతిపాదన మాత్రమే. 'ఈ నమూనా ఇంతవరకూ తెలిసిన ఏ జాతికీ చెందదు' అన్న వాదన అది. ఆ వాదనను పాత నమూనాల పక్కన పెట్టి పరీక్షించాలి. నిలిస్తే నిలబెట్టాలి, నిలవకపోతే కొట్టేయాలి. అప్పటిదాకా అది జ్ఞానం అనిపించుకోదు. పేర్లు పెట్టేవారికి చప్పట్లు కొట్టి, పేర్లను తేల్చేవారిని గుమాస్తాల కింద జమకట్టే మన కొలమానం మారాలన్నది నా వాదన. దీనికి ఆధారాలు న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్‌లో ఉన్నాయి.

మావోరీలు ఓవైరాకా అని పిలిచే ఒక చల్లారిన అగ్నిపర్వతం చుట్టూ పెరిగిన పేట అది. ఆ దేశపు కీటకాల జాతీయ భాండాగారం, న్యూజిలాండ్ ఆర్థ్రోపాడ్ కలెక్షన్, 2004లో అదే నగరంలోని టామకీకి తరలేదాకా ఏళ్ల తరబడి అక్కడి పరిశోధన కేంద్రంలోనే ఉండేది. సూదికి గుచ్చిన పురుగులు, వాటి కింద చిన్న చీటీలు, వరసలు వరసలుగా సొరుగులు. ఆ సొరుగుల దగ్గర కూర్చుని చార్లెస్ వాట్ అనే శాస్త్రవేత్త టెనెబ్రియోనిడే కుటుంబం మీద పనిచేశాడు. వెలుతురుకు దూరంగా మసిలే ఈ పెంకుపురుగులను చీకటి పెంకుపురుగులు అనుకోవచ్చు. ప్రపంచమంతటా 20 వేలకు పైగా జాతులున్న కుటుంబమిది. ఎక్కువ భాగం నల్లగానో గోధుమరంగుగానో ఉంటాయి; పుచ్చిన కర్రలో, రాళ్ల కింద, సముద్రపు ఇసుకలో, మన పిండి డబ్బాల్లో బతుకుతాయి. సీతాకోకచిలుకలకున్న రంగుల హంగు వీటికి లేదు. పైకి చూస్తే ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి. అందుకే పేరు పెట్టడానికీ పేరు తేల్చడానికీ మధ్య ఎంత దూరముందో ఈ కుటుంబంలో తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదు.

వాట్‌కు ముందు ఆ దేశంలో పెంకుపురుగులకు పేర్లు పెట్టినవారిలో అగ్రగణ్యుడు మేజర్ థామస్ బ్రౌన్. 1838లో ఎడిన్‌బరోలో పుట్టి, సైనికుడిగా వచ్చి, న్యూజిలాండ్‌లో స్థిరపడి, 1919లో కన్నుమూసేదాకా ఆయన నాలుగు వేలకు పైగా పెంకుపురుగులను కొత్త జాతులుగా వర్ణించాడు. 1880 నుంచి 1893 దాకా వెలువడిన ఆయన 'మాన్యువల్ ఆఫ్ ద న్యూజిలాండ్ కోలియాప్టెరా' ఆ దేశపు కీటకశాస్త్రానికి పునాది. అంకెలే కొలమానమైతే ఆయనను మించినవారు లేరు. కానీ ఆయన చాలా జాతులను ఒకే ఒక్క నమూనా చూసి వర్ణించాడు. ఒకే జాతిలో పెద్దవీ చిన్నవీ, ఆడవీ మగవీ, ముదురువీ లేతవీ ఎంత తేడాగా ఉంటాయో ఒక్క నమూనా చెప్పదు. పైగా ఆయన ప్రధాన సేకరణ లండన్ మ్యూజియానికి చేరింది. ఏ పురుగును చూసి ఆ పేరు పెట్టారో ఆ మూల నమూనా భూగోళానికి అవతలి వైపున ఉంటే, ఇక్కడి అడవిలో దొరికిన పురుగు అదో కాదో ఎలా తేలుతుంది? పుస్తకంలోని నాలుగు వాక్యాల వర్ణన పక్కపక్కనే ఉన్న మూడు జాతులకు సరిపోతుంది. ఆ పేర్లలో ఎన్నో తర్వాతి పరిశోధనలో ఒకదానికొకటి పర్యాయనామాలుగా తేలాయి. ఇందులో బ్రౌన్‌ను తప్పుపట్టాల్సింది తక్కువ. పెద్ద గ్రంథాలయాలకూ మ్యూజియాలకూ దూరంగా ఉండి ఆయన చేసినదాన్ని గౌరవించాల్సిందే. తప్పు ఆ నాలుగు వేల పేర్లనూ నాలుగు వేల నిజాలుగా లెక్కపెట్టడంలో ఉంది.

తేల్చే పని ఎలా ఉంటుందో వాట్ రచనల్లో కనిపిస్తుంది. న్యూజిలాండ్ జర్నల్ ఆఫ్ జువాలజీ 1974 సంపుటంలో ఆయన ఈ కుటుంబం మొత్తానికీ ఉపకుటుంబాల వర్గీకరణను సవరించాడు. ముందు రెండు జతల కాళ్ల పాదాల్లో ఐదేసి ఖండాలు, వెనక జతలో నాలుగే ఉండటం ఈ కుటుంబపు పాత గుర్తు. కానీ ఆ గుర్తు మరికొన్ని కుటుంబాల్లోనూ ఉంది. కాబట్టి పైపై పోలికలతో సరిపెట్టుకోకుండా లోపలి అవయవాలకు, జననాంగాల నిర్మాణానికి, లార్వాల రూపానికి వెళ్లాలి. పుచ్చిన దుంగల్లో బతికే జొలోడినస్ అనే న్యూజిలాండ్ పెంకుపురుగుకు బంధువు టాస్మానియాలో ఉందని గుర్తించి, ఆ రెంటికీ ప్రత్యేక ఉపకుటుంబం ఏర్పరచింది ఆ వ్యాసమే. తర్వాత 1992లో 'ఫానా ఆఫ్ న్యూజిలాండ్' గ్రంథమాల 26వ సంపుటంగా ఆయన టెనెబ్రియోనిడే పుస్తకం వచ్చింది. దాని ఉపశీర్షిక మూల నమూనాల జాబితా, గుర్తింపు పట్టికలు అని మాత్రమే చెబుతుంది. ఏ పేరుకు ఆధారమైన నమూనా ఎక్కడుంది, చేతిలో ఉన్న పురుగు ఏ జాతిదో మరొకరు ఎలా నిర్ధారించుకోవాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు అది. పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కే సరుకు అందులో లేదు. కానీ ఆ పుస్తకం లేకుండా ఆ దేశంలో ఎవరైనా 'ఇది కొత్త చీకటి పెంకుపురుగు' అంటే, ఆ మాటలో కొత్త అన్న పదానికి ఆధారం ఉండదు.

ఒక చిన్న పురుగును దగ్గరగా చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. కెరోడిస్ ట్రాకిసెలిడీస్ అనే చీకటి పెంకుపురుగు న్యూజిలాండ్ తీరాల్లో, అలలు ఒడ్డుకు చేర్చిన సముద్రపు నాచు కింద ఇసుకలో దూరి బతుకుతుంది. గుండ్రని ఒళ్లు, ఇసుక తవ్వడానికి అనువైన కాళ్లు, ఎగరలేదు. తెల్లని ఇసుక ఉన్న తీరంలో ఇది లేత రంగులో, ఇసుక రేణువుల్లో కలిసిపోయేలా ఉంటుంది. ఆక్లండ్ పడమటి తీరంలా ఇనుప ఇసుకతో నల్లబడిన చోట ఇదే పురుగు నల్లగా ఉంటుంది. తెల్ల తీరం నుంచి ఒకటి, నల్ల తీరం నుంచి ఒకటి తెచ్చి పక్కపక్కన పెడితే ఎవరికైనా రెండు జాతులనే అనిపిస్తుంది. అలా రెండు పేర్లు పెడితే లెక్క ఒకటి పెరుగుతుంది. కానీ నేల రంగును బట్టి, వేటాడే కళ్ల ఒత్తిడిని బట్టి ఒకే జాతి ఒంటి రంగు మారిందన్న గొప్ప సంగతి ఆ రెండో పేరు వెనక దాగిపోతుంది. మధ్యస్థంగా ఉన్న తీరాల నుంచి కూడా నమూనాలు తెచ్చి వరసగా పేర్చి చూసినవారికే అది దొరుకుతుంది. ఇక్కడ ఒక పేరు తగ్గడమే ఆవిష్కరణ.

అడవిలోనే ఆవిష్కరణ జరుగుతుందన్న భావన కూడా లెక్కల మోజుతో కవలగా పుట్టిందే. ఒక నమూనా సేకరించిన రోజు నుంచి దాన్ని కొత్త జాతిగా వర్ణించేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. అంటే సగటు 'కొత్త' జాతి రెండు దశాబ్దాలుగా ఏదో సొరుగులో ఉన్నదే. తెలియని అడవికే వెళ్లాలన్న మాటకూ మౌంట్ ఆల్బర్ట్ పక్కనే జవాబుంది. ఆ భాండాగారంలోనే పనిచేసిన విల్లీ కుషెల్ 1974 నుంచి 1989 వరకు ఆక్లండ్‌లోని లిన్‌ఫీల్డ్ అనే మామూలు నివాస ప్రాంతంలో పెంకుపురుగులను సేకరించి, 1990లో ప్రచురించిన నివేదికలో 982 జాతులను నమోదు చేశాడు. ఇళ్లు, తోటలు, కాస్త మిగిలిన అడవి తునక ఉన్న ఒక నగర శివారు అది. అన్ని జాతులను విడదీసి చెప్పగలగడానికి కారణం దారీతెన్నూ లేని అడవిలోకి పోవడం కాదు, పోల్చి చూడటానికి పక్కనే ఒక మంచి సేకరణ, దాన్ని చదవగలిగిన కళ్లు ఉండటం.

ఇప్పుడు అభ్యంతరాల సంగతి. మొదటిది డీఎన్ఏ. జన్యువులోని ఒక చిన్న భాగాన్ని చదివితే జాతి తెలిసిపోతుంటే, సూదికి గుచ్చిన పాత పురుగులను చూస్తూ ఏళ్లు గడపడం ఎందుకని అడుగుతారు. 2003లో ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడ్ పద్ధతి మేలైన పనిముట్టే, అందులో అనుమానం లేదు. లార్వా ఏ పెద్ద పురుగుదో కలిపి చూపడంలో, ఒకే పేరు కింద దాగిన రెండు జాతులను పసిగట్టడంలో దానికి సాటి లేదు. కానీ 2021లో కోస్టారికా పరాన్నజీవి కందిరీగల్లో 403 కొత్త జాతులను చాలావరకూ బార్‌కోడ్‌ల ఆధారంగానే ఒకే వ్యాసంలో వర్ణించినప్పుడు తోటి శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు. కారణం సూటిగా ఉంది. బార్‌కోడ్ ఒక నమూనాకూ మరో నమూనాకూ ఎంత తేడా ఉందో చెబుతుంది. ఎంత తేడా ఉంటే రెండు జాతులో చెప్పదు. వందేళ్ల కిందట పెట్టిన పేరు ఏ సమూహానిదో తెలియాలంటే ఆ మూల నమూనా దగ్గరికి పోక తప్పదు, అంత పాత పురుగులో డీఎన్ఏ చాలాసార్లు చెడిపోయి ఉంటుంది. ఆ లంకె వేయకుండా కొత్త పేర్లు పెడితే, ఇప్పటికే పేరున్న జాతికి మరో పేరు పడుతుంది. బ్రౌన్ కాలపు చిక్కే మరింత వేగంగా మళ్లీ పుడుతుంది. డీఎన్ఏ తేల్చేవారి చేతిలో పనిముట్టు కావాలి, తేల్చే పనికి ప్రత్యామ్నాయం కాలేదు.

రెండో అభ్యంతరం బరువైనది. జాతులు అంతరించిపోతున్నాయి, అన్నిటినీ తాపీగా తేల్చే తీరిక లేదు, ముందు పేరు పెట్టి కాపాడదాం అంటారు. పేరు లేని జీవికి చట్టంలో చోటుండదన్నది నిజమే. అయితే కాపాడాల్సింది ఏదో తప్పుగా తెలిస్తే, ఉన్న కొద్దిపాటి డబ్బూ మనుషులూ తప్పు చోటికి పోతారు. ఎక్కడా కొరత లేని జాతికి చెందిన ఒక తీరపు రూపాన్ని విడదీసి అరుదైనదిగా ప్రకటించడమూ నష్టమే, రెండు జాతులను ఒకటిగా లెక్కేసి వాటిలో అరుదైనదాన్ని పట్టించుకోకపోవడమూ నష్టమే. న్యూజిలాండ్‌లో 1922 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఒక ముండ్ల ముక్కుపురుగు, హాడ్రాంఫస్ ట్యుబర్క్యులేటస్, 2004లో కాంటర్‌బరీలోని బర్క్స్ పాస్ దగ్గర మళ్లీ దొరికింది. దాని దగ్గరి బంధువుల నుంచి దాన్ని విడదీసి చెప్పగల వర్ణనలూ పాత నమూనాలూ లేకుంటే, అది కొండదారిలో కాళ్ల కింద పాకినా ఎవరికీ తెలిసేది కాదు. తేల్చిపెట్టుకున్న పేరు ఎనభై ఏళ్ల తర్వాత కూడా పనికొచ్చింది. తొందరే నిజమైన కారణమైతే తేల్చేవారి సంఖ్య పెంచాలి గాని తేల్చే పనిని వదిలేయడం దానికి మార్గం కాదు.

మూడో అభ్యంతరం అందరి నోటా వినిపించేది: పురుగు పేరు ఏదైతే మనకేం? జవాబు వంటింట్లోనే ఉంది. నిల్వ పిండిలో, రవ్వలో జల్లెడ పట్టినప్పుడు కనిపించే ఎర్రటి చిన్న పురుగు ట్రైబోలియం కాస్టానియం కూడా ఈ చీకటి పెంకుపురుగుల కుటుంబానిదే. జర్మన్ శాస్త్రవేత్త హెర్బ్‌స్ట్ దాన్ని 1797లో వర్ణించాడు. దానికి జంటలా కనిపించే మరో జాతి ఉందని గుర్తించి పేరు పెట్టడానికి 1860ల దాకా పట్టింది. తికమకకు గుర్తుగానే దాని పేరు కన్‌ఫ్యూజమ్ అయింది. రెంటినీ విడదీసే గుర్తు మీసాల చివర ఉంటుంది: మొదటిదానికి చివరి మూడు ఖండాలు ఒక్కసారిగా లావై గదలా ఉంటాయి, రెండోదానికి మీసం నెమ్మదిగా లావెక్కుతుంది. భూతద్దం కింద తప్ప కనిపించని ఈ తేడా వెనక పెద్ద తేడా ఉంది. మొదటిది ఎగరగలదు, వేడి ప్రాంతాలను ఇష్టపడుతుంది. రెండోది ఎగరదు, చల్లని చోట్ల ఎక్కువ. ఒకటి గోదాము నుంచి గోదాముకు రెక్కలతో పోగలదు, మరొకటి సరుకుతోపాటే కదలాలి. నివారణ పద్ధతి ఏది ఎంచుకోవాలో పేరే చెబుతుంది. పెంకుపురుగుల్లో మొదటగా 2008లో మొత్తం జన్యుక్రమం ప్రచురించింది ఈ కాస్టానియానిదే. ఆ పరిశోధన అంతా మీసం చివరి మూడు ఖండాలను సరిగ్గా చూసిన పాత వర్ణన మీద నిలబడి ఉంది.

ఈ చర్చ తెలుగువాళ్లకు దూరదేశపు సంగతి కాదు. మన దేశంలో బ్రిటిష్ కాలంలో మొదలైన 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' గ్రంథమాలలో పొడవు మీసాల పెంకుపురుగులకూ ఆకు పురుగులకూ పేడ పురుగులకూ సంపుటాలు వచ్చాయి, చీకటి పెంకుపురుగులకు రాలేదు. ధాన్యాగారాలు నిండుగా ఉండే మన ప్రాంతంలో, అనంతపురం మెట్టల నుంచి పాపికొండల దాకా ఉన్న నేలలో ఆ కుటుంబాన్ని తేల్చి చెప్పే గుర్తింపు పట్టిక ఒక్కటి ఉంటే, అది పది కొత్త పేర్లకన్నా విలువైనది. అలాంటి పని విలువ తెలుగు పాఠకుడికి వేరే చెప్పనక్కర్లేదు. సీపీ బ్రౌన్ పల్లెపల్లె నుంచి తాళపత్రాలు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ప్రతిని ప్రతితో పోల్చి చూపించాడు. వేమన మకుటంతో ఉన్న ప్రతి పద్యాన్నీ వేమన లెక్కలో వేస్తే వేమన పెరగడు, మసకబారతాడు. ఏది ఎవరిదో తేల్చిన పరిష్కర్తను మనం గుమాస్తా అనలేదు. జీవుల ప్రతులను పోల్చి చూసేవారికీ అదే గౌరవం దక్కాలి. ఇకమీదట కొత్త జాతి వార్త చదివినప్పుడు ఎన్ని అని అడగడం మానేద్దాం. మూల నమూనా ఎక్కడ భద్రపరిచారు, పాత పేర్లలో వేటితో పోల్చారు, మరొకరు దాన్ని గుర్తుపట్టడానికి ఏ పట్టిక ఇచ్చారు అని అడుగుదాం. ఈ మూడింటికీ జవాబు ఉన్న వర్ణన ఒక్కటైనా దాన్ని నెత్తిన పెట్టుకుందాం. జవాబు లేనివి నాలుగు వేలున్నా, అవి ఇంకా ఎవరో వచ్చి తేల్చాల్సిన నాలుగు వేల ప్రశ్నలే.