ఉద్యోగానికి డబ్బు కట్టొద్దు! చేసిన పని చూపించి అడుగుదాం!

ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! పాసై గదుల్లో ఎదురుచూస్తున్న మిత్రులారా!

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల మనకు నాలుగు సరుకులు అమ్ముతున్నారు. ఫైనలియర్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, ఫేక్ ఎక్స్‌పీరియన్స్, బ్యాక్‌డోర్ ఉద్యోగం. వీటిలో ఏదీ కొనకండి. కొన్నా పనికిరావు.

కొన్న ప్రాజెక్టు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ‘ఈ డేటాబేస్ ఎందుకు వాడారు? ఎక్కడ ఇబ్బంది పడ్డారు?’ అని అడిగితే, చేతులతో చేసినవాళ్లు పది నిమిషాలు మాట్లాడతారు. కొన్నవాళ్లకు మాట రాదు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సంగతి ఇంకా ఘోరం. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు ఉంది. ఎవరు ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో తెలిసిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగమూ పోతుంది, ఊళ్లో వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం మిగులుతుంది.

మరి ఏం చేద్దాం?

మొదట మన హక్కు తెలుసుకుందాం. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులను కూడా అందులో చేర్చారు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని అప్పుడే పెట్టారు. నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పథకం కింద ఆ కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. అంటే నేర్చుకోవడానికి మనం ఎదురు డబ్బు కట్టనక్కర్లేదు, మనకే ఇస్తారు! ఇంత మంచి దారిని ఎన్ని కాలేజీలు పిల్లలకు చెబుతున్నాయి? నాట్స్ పోర్టల్‌లో ఈ వారమే పేరు నమోదు చేసుకోండి. ఈసీఐఎల్, బీహెచ్‌ఈఎల్ లాంటి ప్రభుత్వ సంస్థల అప్రెంటిస్ నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, నిజమే. కానీ ఏడాది పాటు చేసిన అసలైన పని చేతిలో ఉంటుంది.

మెకానికల్, ఎలక్ట్రికల్ మిత్రులారా, సాఫ్ట్‌వేర్ ఒక్కటే దిక్కు అనుకోకండి. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, పటాన్‌చెరు, విజయవాడ ఆటోనగర్, గాజువాక, అచ్యుతాపురం: ఇక్కడి చిన్న యూనిట్లు చాలావరకు క్యాంపస్‌కు రావు. మనమే వెళ్లాలి. కాలేజీ నుంచి లెటర్ తీసుకుని, పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్లి, ప్రొడక్షన్ చూసే ఇంజనీరును కలవాలని అడగండి. నాలుగు చోట్ల పొమ్మంటారు. ఐదో చోట అడగండి.

మెయిల్ రాసేటప్పుడు ‘డియర్ సర్, ఐయామ్ ఎ హార్డ్‌వర్కర్’ అన్నది తీసేయండి. అదే మెయిల్‌ను రెండు వందల కంపెనీలకు పంపితే ఎవరూ తెరవరు. పది కంపెనీలను ఎంచుకుని వాటి పని చదవండి. నేను చేసింది ఇది, చూడటానికి లింక్ ఇది, మీ ఫలానా ఉత్పత్తిలో ఈ భాగం మీద పనిచేయాలనుంది, ఫలానా తేదీ నుంచి ఆరు వారాలు రాగలను. ఇంతే రాయండి. వారం తర్వాత మర్యాదగా ఇంకోసారి గుర్తు చేయండి. రెజ్యూమే ఒక్క పేజీ చాలు. అందులోని ప్రతి లైను గురించి ఐదు నిమిషాలు మాట్లాడలేకపోతే ఆ లైను కొట్టేయండి.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు ముందు వాటిని క్లియర్ చేయండి. పీఎస్‌యూల మీద ఆశ ఉంటే మూడో ఏడాది నుంచే గేట్ మొదలుపెట్టండి.

రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ చార్జీ, ఏ పేరుతో డబ్బు అడిగినా లేచి వచ్చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. ఆన్‌లైన్‌లో మోసపోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలారా, అక్కలారా! మీ కంపెనీలో రెఫరల్ తెరిచిన రోజున కాలేజీ గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. నెలకు ఒక్క గంట ఒక జూనియర్‌కు మాక్ ఇంటర్వ్యూ చేయండి. పల్లె కాలేజీలో చదివిన పిల్లకు ఆ గంట ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఈ ఆదివారం సాయంత్రం మీ హాస్టల్లో నలుగురు కలిసి కూర్చోండి. రెజ్యూమేలు మార్చుకుని చదవండి. ఎవరి రెజ్యూమే వాళ్లే దిద్దుకుంటే తప్పులు కనపడవు. తలా పది చొప్పున నలభై కంపెనీల జాబితా తయారుచేయండి. సోమవారం పొద్దున మొదటి మెయిల్ పంపండి!

ఇట్లు,
మీకంటే ముందు బ్యాచ్‌ల సీనియర్లు