బీచ్ దాటి నడవండి

విశాఖలో ఫొటోవాక్ అంటే ఆర్కే బీచ్ సూర్యోదయం, 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి. ఇవి తీయనివాళ్లెవరున్నారు చెప్పండి! కాస్త దక్షిణానికి, పాతనగరం వైపు నడిస్తే అసలు ఊరు కనిపిస్తుంది. కురుపాం మార్కెట్ సందులు తిరిగి రాస్ హిల్ ఎక్కండి. చర్చి, దర్గా, వెంకన్న గుడి, మూడూ పక్కపక్క కొండల మీదే. కింద 1933లో మొదలైన పోర్టు. ఫిషింగ్ హార్బర్‌కి మాత్రం తెల్లవారుజామునే వెళ్లాలి. వేలంపాట అరుపుల మధ్య, మంచు పెళ్లల మీద చేపలు సర్దుతున్న ఆడవాళ్ల మొహంలోకి లెన్స్ దూర్చేస్తారు కొందరు. అది కళ కాదు, మర్యాద తక్కువతనం. “ఒక ఫొటో తీసుకోనా అమ్మా?” అని అడగండి. వద్దంటే ఊరుకోండి. నేవీ గోడల దగ్గర కెమెరా సంచిలోనే ఉండనివ్వండి, అక్కడ ఫొటోలు నిషేధం.