పొదుపుగా, పొందికగా పడకగది

జహీరాబాదు దాటి బీదర్ సరిహద్దు వైపు సాగిపోతే సంగారెడ్డి జిల్లాలోని న్యాల్‌కల్ మండలం వస్తుంది. ఒకవైపు నల్లరేగడి చేలు, మరొకవైపు ఎర్రని జంబిట్ట నేలలు. ఒకే వీధిలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపించే ప్రాంతమిది. గత మాసం ఈ మండలంలోని ఒక గ్రామంలో పరిచయస్థుల ఇంటికి వెళ్ళాము. పెళ్ళయి ఆరు నెలలైన కోడలి గదిని ఆ ఇంటివారు సంబరంగా చూపించారు.

పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది అది. ఆరడుగుల వెడల్పు మంచం దాని వెడల్పులో సగానికి పైగా ఆక్రమించింది. మంచం తలవైపు ఉన్న ఎత్తైన పలక కిటికీని సగం మూసివేసింది. బీరువా తలుపు ఒకటే తెరుచుకుంటుంది, రెండవది మంచానికి తగులుతుంది. అద్దాల బల్ల ముందు కూర్చునేందుకు చోటు లేదు. జానమాజ్ పరచుకునేందుకు కూడా చోటు లేక ఆ అమ్మాయి ముందు గదిలోకి వెళ్ళి నమాజు చేసుకుంటోంది. మేము వెళ్ళివచ్చే వేళ ఆమె మెల్లగా ఒక మాట చెప్పింది: "ఖాలా, ఈ సామానుకు అబ్బా ఇంకా పద్దెనిమిది నెలలు వాయిదాలు కట్టాలి. రాత్రి ఈ మంచం మీద పడుకుంటే అదే గుర్తుకు వస్తుంది."

విశ్రాంతి కొరకు ఏర్పడిన గది విశ్రాంతినే హరిస్తున్నదంటే మనం ఎక్కడో దారి తప్పినట్లే కదా! ఈ నెల మన శీర్షికలో పడకగది అలంకరణను గురించి వ్రాయాలని అప్పుడే నిశ్చయించుకున్నాము.

ముందుగా ఒక సందేహాన్ని తీర్చుకుందాము. ఇంటిని అందంగా ఉంచుకోవాలనే కోరిక తప్పు కాదు. ఇళ్ళను మనకు ప్రశాంత నిలయాలుగా చేసినవాడు, పశువుల ఉన్ని నుండి, వెంట్రుకల నుండి గృహోపకరణాలను ప్రసాదించినవాడు తానేనని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లోని 'నహ్ల్' సూరా 80వ ఆయతులో గుర్తుచేస్తున్నాడు. పడక, పరుపు, దుప్పటి కూడా ఆయన అనుగ్రహాలే. అయితే అవసరానికి మించి పెంచుకున్న పడకల విషయంలో ప్రవక్త మహనీయులు (స) హెచ్చరించిన సంగతి 'సహీహ్ ముస్లిం'లో ఉంది. గృహస్థునికొకటి, భార్యకొకటి, అతిథికొకటి చాలునని, ఆపైది షైతానుదని ఆ హదీసు సారాంశం. అందానికి అభ్యంతరం లేదు. ఆడంబరం విషయంలోనే జాగ్రత్త కావాలి.

హజ్రత్ ఫాతిమా (రజి) వివాహ సమయంలో ఇంటికి వచ్చిన సామాను ఏమిటో హదీసు గ్రంథాలు నమోదు చేశాయి: ఒక ఉన్ని దుప్పటి, ఒక నీళ్ళ తోలుసంచి, సువాసన గడ్డి నింపిన ఒక తోలు దిండు. హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని మహర్‌గా ఇచ్చారు. ఆ మాదిరిని ప్రసంగాలలో తలచుకుని కన్నీరు పెట్టే మనమే సంబంధం కుదిరిన మరునాడు 'బెడ్‌రూమ్ సెట్' ఎంత పెద్దదని అడుగుతున్నాము.

మన రాష్ట్రంలో 2014 అక్టోబరు నుండి షాదీ ముబారక్ పథకం అమలవుతున్నది. మొదట 51,000 రూపాయలుగా ఉన్న సాయం 2018 నాటికి 1,00,116 రూపాయలకు పెరిగింది. పేదింటి ఆడపిల్ల పెళ్ళి భారాన్ని తగ్గించేందుకు ఏర్పడిన సొమ్ము అది. ఆ సొమ్ము వస్తుందన్న భరోసాతో ముందుగానే అప్పు చేసి దుకాణంలో అతిపెద్ద మంచాన్ని ఎంపిక చేయడం ఎన్నో ఇళ్ళలో చూస్తున్నాము. వరుని వైపు నుండి అడిగి పుచ్చుకోవడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరమన్న సంగతి కూడా మరువరాదు. "మేము అడగలేదు, వారే ఇచ్చారు" అన్న మాటతో మనస్సాక్షి ముందు తప్పించుకోలేము. ఎవరూ అడగనక్కరలేకుండానే ఇవ్వక తప్పని పరిస్థితిని కల్పించింది మనమే కనుక.

మరి తక్కువ ఖర్చులో చక్కని పడకగదిని అమర్చుకోవడం ఎలా? మా అనుభవంలో తేలిన కొన్ని విషయాలను సోదరీమణుల ముందుంచుతున్నాము.

మొదట టేపు, తరువాత డబ్బు. దుకాణానికి వెళ్ళే ముందు గది కొలతలు తీసుకోండి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ నేల నుండి ఎంత ఎత్తులో ఉంది, స్విచ్‌బోర్డు ఎక్కడుంది అన్నవి ఒక కాగితం మీద గీసుకోండి. పది అడుగుల గదిలో ఆరడుగుల వెడల్పు మంచాన్ని నడుమ వేస్తే రెండు ప్రక్కలా రెండేసి అడుగులే మిగులుతాయి. అదే ఐదడుగుల మంచాన్ని ఒక గోడకు చేర్చి వేస్తే రెండవ వైపున ఐదడుగుల స్థలం దొరుకుతుంది. బీరువా తలుపులు రెండూ తెరుచుకుంటాయి, జానమాజ్ పరచుకునే చోటు కూడా కుదురుతుంది. మన ప్రాంతంలో ఖిబ్లా పడమర దిక్కున, కొద్దిగా ఉత్తరానికి ఒరిగి ఉంటుంది కనుక ఆ వైపు గోడ ముందు ఖాళీ ఉండేలా చూసుకోండి. పాత పత్రికల కాగితాలను మంచం కొలతకు అతికించి నేల మీద పరచి చూస్తే ఏది ఎక్కడ ఇముడుతుందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

మంచం విషయానికి వద్దాము. దుకాణాలలో చవకగా కనిపించే మంచాలలో చాలా వరకు చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలతో తయారైనవే. మెరుగు చూసి మోసపోరాదు. వానాకాలపు చెమ్మ తగిలితే ఆ పలకలు ఉబ్బుతాయి, మరలు పట్టు తప్పుతాయి, ఒకసారి విప్పితే మళ్ళీ బిగువు కుదరదు. ప్లైవుడ్ కొనవలసి వస్తే దాని మీద ఐ.ఎస్. 303 ముద్ర ఉన్నదేమో చూడండి. నీళ్ళు తగిలే చోట వాడేందుకు ఐ.ఎస్. 710 రకం తగినది. అన్నింటికన్నా మేలైన మార్గం ఊరి వడ్రంగిని పిలవడమే. బాగా ఆరిన వేప కర్రకు చెదల బెడద తక్కువ. మంచం కోళ్ళకు తుమ్మ కర్ర గట్టిగా నిలుస్తుంది. నగిషీలు లేని నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, నడుమ అడ్డ పలకలు ఉంటే చాలును. మంచం క్రింద అడుగున్నర ఎత్తు విడిచిపెడితే పెట్టెలు, రజాయిలు అక్కడే ఇముడుతాయి. ప్రత్యేకంగా మరొక అలమారా అవసరం ఉండదు.

ఇంటి అటక మీద అమ్మమ్మ నాటి నవారు మంచం ఉన్నదేమో కూడా చూడండి. పాత నవారును విప్పి ఉతికి ఆరబెట్టి తిరిగి అల్లిస్తే, లేదా కొత్త నవారు వేయిస్తే, మరొక తరానికి పనికివస్తుంది. గాలి ఆడే ఆ మంచం మీద వేసవి రాత్రి వచ్చే నిద్ర వేల రూపాయల పరుపు మీద రాదు.

ఇక పరుపు. మన ప్రాంతం పత్తి పండే నేల. ఇక్కడే దూదేకుల సోదరులున్నారు. నూర్‌బాషాలని, పింజారీలని, లద్దాఫ్‌లని వేర్వేరు చోట్ల వ్యవహరించబడే ఈ కుటుంబాలవారు తరతరాలుగా విల్లుతో దూది ఏకి పరుపులు, దిండ్లు, రజాయిలు కుట్టి మన ఇళ్ళకు వెచ్చదనాన్ని అందించారు. ఇప్పుడు చాలా చోట్ల విల్లు పోయి యంత్రం వచ్చింది, ఫోము పరుపులు వచ్చి ఆ పని కూడా తగ్గిపోయింది. దూది పరుపు గాలిని పీల్చుకుంటుంది, వేసవిలో ఒంటికి వేడి పుట్టించదు. రెండు మూడేళ్ళలో అది గట్టిపడితే పారవేయనక్కరలేదు. మళ్ళీ ఏకించి, కొత్త గలేబు వేయిస్తే కొత్త పరుపే. ఫోము పరుపు క్రుంగిపోతే ఆ మార్గం లేదు. ఇంట్లో ఉన్న రెండు పాత పరుపుల దూదిని ఏకించి ఒక చక్కని పెద్ద పరుపు కుట్టించుకోవచ్చును. దిండ్లకు బూరుగు దూది మెత్తగా ఉంటుంది. నెలకొకసారి పరుపును ఎండలో వేసి కర్రతో దులపండి. నిద్రకు ముందు పడకను దులుపుకోవాలన్న ప్రవక్త (స) ఉపదేశం బుఖారీ హదీసులలో ఉంది. ఆ సున్నత్‌ను పాటించే ఇంట్లో దుమ్మూ పురుగూ పడకను చేరవు.

దుప్పట్ల కొరకు దూరం వెళ్ళనక్కరలేదు. జహీరాబాదు మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పడమరగా వెళ్ళి సోలాపూర్‌ను తాకుతుంది. సోలాపూర్ చద్దర్లకు దేశమంతటా పేరుంది. వాటిని నేసిన మగ్గాల వెనుక తెలంగాణ నుండి వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాల శ్రమ ఎంతో ఉంది. గట్టిగా, దళసరిగా ఉండే ఆ చద్దరు పగలు మంచం మీద పరపుగా, రాత్రి కప్పుకునేందుకు దుప్పటిగా రెండు విధాలా పనికివస్తుంది. నేల మీద పరచేందుకు వరంగల్లు జంపఖానా ఉంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. చలికాలానికి కురుమలు నల్ల గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఉండనే ఉంది. మంచం కాళ్ళవైపు మడిచి పెడితే అదే ఒక అలంకారం.

రంగుల ఎంపికలో ఒక చిన్న నియమాన్ని పాటించండి. గదిలో మూడు రంగులకు మించకూడదు. గోడకు లేత రంగు, పరపుకు ముదురు రంగు, దిండు గలేబులకు ఆ రెండింటినీ కలిపే రంగు. గలేబులు కొననక్కరలేదు. చిరిగిన పాత చీర అంచులు, పొట్టి అయిన దుపట్టాలు చాలు. బొమ్మలున్న తెరను చూసి ప్రవక్త (స) అయిష్టపడినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆ గుడ్డను పారవేయలేదు, కత్తిరించి దిండ్లు కుట్టారు. ఒక వస్తువును మరొక విధంగా వినియోగించుకునే నేర్పు మన తల్లుల నుండి వచ్చిన సంపద. పాత బట్టలతో బొంత కుట్టే విద్య ఇప్పటికీ మన పల్లెలలోని పెద్ద స్త్రీలకు తెలుసు. కోడళ్ళు వారి ప్రక్కన కూర్చుని నేర్చుకుంటే బొంతతో పాటు బంధం కూడా కుట్టుకుంటుంది.

గోడలకు సున్నం చాలు. కాస్త నీలం కలిపితే గది వెలుగుతో నిండుతుంది. నల్లరేగడి నేలలోని ఇళ్ళ గోడలకు పగుళ్ళు, చెమ్మ సహజం. మంచాన్ని గోడకు చేర్చినా నాలుగు వేళ్ళ సందు విడిచిపెట్టండి. ఇంటి కప్పు మీద కూడా సున్నం పూయిస్తే వేసవి ధాటి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది ఈ ఉద్దేశంతోనే. నేల మీద తాండూరు బండలుంటే వాటిని కప్పివేయకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు, గది చల్లబడుతుంది. కిటికీకి రెండు పొరల తెరలు వేయండి: పగటికి పలుచనిది, రాత్రికి దళసరిది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత పిల్లలు సైతం అనుమతి తీసుకుని లోపలికి రావాలని దివ్య గ్రంథం నేర్పింది. కనుక తలుపుకు గడియ, కిటికీకి తెర అలంకారాల కన్నా ముందు సమకూర్చవలసినవి.

ఇదే మండలంలో మరొక ఇంటిని కూడా చూశాము. ఆ ఇంటి అత్తగారు నికాహ్‌కు ముందే వియ్యపురాలితో, "వదినా, మంచం మా ఇంట్లో మేమే చేయించుకుంటాము. మీరు బిడ్డను పంపండి చాలు" అన్నారట. ఊరి వడ్రంగి చేసిన వేప మంచం, ఏకించిన దూది పరుపు, ఒక సోలాపూర్ చద్దరు, గోడలో చెక్క అరలు, మూలన చుట్టిపెట్టిన జానమాజ్. ఆ గదిలో ఇంకా ఖాళీ ఉంది. ఆ కోడలు తనకు వచ్చిన షాదీ ముబారక్ సొమ్ముతో కుట్టుమిషను కొనుక్కుంది. కొంత తన పేరనే బ్యాంకులో వేసుకుంది. కిటికీ ప్రక్కన మిషను పెట్టుకుని ఊరివారి బట్టలు కుడుతోంది. ఆ కిటికీకి ఏ పలకా అడ్డం లేదు.

మొదటి ఇంటి అత్తగారు చెడ్డవారు కారు. లోకం ఏమంటుందోనన్న బెరుకు వారిదీ. మేము చెప్పిన మీదట ఆ ఎత్తైన పలకను విప్పించి కిటికీని తెరిపించారు. అద్దాల బల్లను ముందు గదికి మార్చారు. మిగిలిన వాయిదాలలో సగం తామే కడతామని వియ్యంకునికి కబురు పంపారు. ఆ అమ్మాయి ఇప్పుడు తన గదిలోనే నమాజు చేసుకుంటోంది.

కొడుకులున్న తల్లులారా! గదిని కొలవండి, కోడలి తండ్రి భుజాలను కూడా ఒకసారి కొలవండి. ఆ గదిలో పట్టేది ఎంతో, ఆ భుజాలు మోయగలిగేది ఎంతో తెలిసిన తరువాతనే దుకాణానికి బయలుదేరండి. మన ఇళ్ళను అల్లాహ్ ప్రశాంత నిలయాలుగా చేయుగాక! ఎవరి అప్పూ నిద్రను హరించని పడకలను మన పిల్లలకు ప్రసాదించుగాక! ఆమీన్.