ఎన్ని ఓములు పెట్టావు?

హాస్టల్ వార్షికోత్సవం అనగానే మొదట గుర్తొచ్చేది పాటలు. పాటలంటే స్పీకర్లు. ఇప్పుడు స్పీకర్లతో పాటు రంగురంగుల ఎల్‌ఈడీ లైట్లు కూడా. దరువుకు తగ్గట్టు అవి మెరుస్తుంటే చిన్న తరగతుల తమ్ముళ్ల ముఖాలు చూడాలి! కానీ ఆ తీగలు కలిపేవాణ్ణి చూసి "చదువు మానేసి ఈ పిచ్చి పనులేంట్రా" అనని పెద్దలు అరుదు. ఆ మాట సరికాదని మా అభిప్రాయం.

మేమూ ఆ తిట్లు తిన్నవాళ్లమే. ఇంటర్ సెలవుల్లో ఒక పాత హోం థియేటర్ స్పీకర్ తీగలకు ఎర్ర ఎల్‌ఈడీని నేరుగా కలిపాం. సౌండ్ తక్కువగా ఉన్నంతసేపు వెలగలేదు. పెంచగానే తళుక్కుమని మాడిపోయింది. ఇంకోటి పెట్టాం, అదీ పోయింది. రెసిస్టర్ కావాలని షాపుకెళ్తే ఆయన "ఎన్ని ఓమ్స్ బాబూ?" అన్నాడు. పదో తరగతిలో ఓమ్ నియమాన్ని తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్న మాకు నోట మాట రాలేదు.

లెక్క పెద్దదేమీ కాదు. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు, 20 మిల్లీ ఆంపియర్లు చాలు. 8 ఓముల స్పీకర్‌కు 10 వాట్లు అందుతుంటే తీగల మధ్య దాదాపు 9 వోల్టులు, అల శిఖరం దగ్గర 12.6 వోల్టులు ఉంటాయి. అందులోంచి 2 తీసేసి 0.02తో భాగిస్తే 530 ఓములు. షాపులో దొరికే 560 ఓముల రెసిస్టర్ సరిపోతుంది. స్పీకర్‌లో పారేది ఏసీ. ఎల్‌ఈడీ కరెంటును ఒకవైపే పోనిస్తుంది. ఎదురు వోల్టేజీ 5 దాటితే చాలావాటికి ముప్పు. అందుకే పక్కనే ఇంకో ఎల్‌ఈడీని తిరగేసి కలపాలి. అప్పుడు ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటాయి. పొడవాటి స్ట్రిప్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దానికి వేరే 12 వోల్టుల అడాప్టర్, ట్రాన్సిస్టర్ సర్క్యూట్ కావాలి. ఒక్కటి మాత్రం మరవొద్దు: 230 వోల్టుల వైపు చెయ్యి పెట్టకూడదు, యాంప్లిఫయర్ పెట్టె విప్పకూడదు. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇంత భౌతికశాస్త్రం రెండు చిన్న లైట్లలో ఉంది. దీన్ని పిచ్చి పని అందామా?

మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాళ్లం మేమే. అమ్మానాన్నలు చేతులు కాయలు కాచేలా పనిచేసి, ఆ కష్టం మాకు వద్దని చదివించారు. ఆ ప్రేమను అర్థం చేసుకుంటూనే ఒక మాట అంటున్నాం. వదలాల్సింది పనికి అంటగట్టిన చిన్నచూపును, పనిని కాదు. కులం పనినే కాక పనిచేసే మనుషుల్నీ విడగొట్టిందని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించారు. బుర్రకు ఒకరు, చేతికి ఒకరు అనే ఆ విభజనను చదువుకున్న మనమే మళ్లీ మోయడం ఎందుకు?

అందుకే మా విన్నపం. ప్రతి హాస్టల్లో ఒక మల్టీమీటర్, ఒక సోల్డరింగ్ ఐరన్, గుప్పెడు రెసిస్టర్లు ఉండాలి. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే అది భారం కాదు. నెలకో ఆదివారం ఒక సీనియర్ వచ్చి పక్కన కూర్చుంటే చాలు. చెల్లెళ్ల హాస్టళ్లలో కూడా ఇది జరగాలి.

ఈసారి స్టేజీ వెనక తీగలు కలిపే తమ్ముడు కనిపిస్తే కసురుకోకండి. "ఎన్ని ఓములు పెట్టావు?" అని అడగండి. వాడు జవాబు చెప్పిన రోజు మన హాస్టల్‌కు అసలైన వార్షికోత్సవం.