తండ్రి పార్టీకి ఓట్లేవీ?

జైల్లో ఉన్న మనిషి ఎన్నికల్లో గెలిస్తే ఏమవుతుంది? 1951 ఫిబ్రవరిలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో అదే జరిగింది. బ్రిటిష్‌వాళ్లు జైల్లో పెట్టిన క్వామే ఎన్‌క్రుమాకు అక్రాలో 23,122 ఓట్లకుగాను 22,780 పడ్డాయి. తెల్లదొరలు చేసేదిలేక తలుపులు తీసి, ప్రభుత్వం నడపమని ఆయన్నే పిలిచారు. 1949లో ఆయన పెట్టిన కన్వెన్షన్ పీపుల్స్ పార్టీ సత్తా అది. గుర్తు ఎర్రకోడిపుంజు. 1957 మార్చి 6న ఆ దేశమే ఘనాగా స్వతంత్రమైంది. తర్వాత నెహ్రూతో కలిసి అలీనోద్యమాన్ని నిలబెట్టిన నేతల్లో ఎన్‌క్రుమా ఒకరు.

మరి ఇప్పుడో? 2020 అధ్యక్ష ఎన్నికల్లో అదే పార్టీకి వెయ్యి ఓట్లకు ఒకటైనా రాలేదు! 275 సీట్ల పార్లమెంటులో ఒక్కటీ దక్కలేదు.

ఎందుకిలా? కథ చాలా వెనక్కి వెళుతుంది. 1958లో ఎన్‌క్రుమా ప్రభుత్వం విచారణ లేకుండా జైల్లో పెట్టే చట్టం తెచ్చింది. ఆయన ప్రత్యర్థి జె.బి.దాంక్వా 1965లో నిర్బంధంలోనే కన్నుమూశారు. అంతకుముందు ఏడాదే దేశంలో ఇక ఒకటే పార్టీ అన్నారు. అది తమదే! పోటీయే లేకపోతే కార్యకర్తకు ఇల్లిల్లూ తిరగాల్సిన పనేముంది? 1966లో ఎన్‌క్రుమా విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం గద్దె లాక్కుంది. పార్టీని నిషేధించింది. అక్రాలో జనం ఆయన విగ్రహాన్ని కూల్చి సంబరం చేసుకున్నారు.

1992 రాజ్యాంగంతో మళ్లీ పార్టీలకు తలుపులు తెరుచుకున్నాయి. కానీ అప్పటికే పోటీ రెండు పెద్ద పార్టీల మధ్యకు చేరింది. అందులో ఒకటి దాంక్వా వారసత్వం చెప్పుకునేదే! 2008లో ఎన్‌క్రుమా కూతురు సామియా జొమోరో నుంచి గెలిచారు. ఆ పార్టీకి అప్పుడు పార్లమెంటులో ఉన్నది ఆమె ఒక్కరే. 2012లో ఆమే ఓడిపోయారు.

అలాగని ఎన్‌క్రుమాను ఘనా మరచిపోలేదు. ఆయన పుట్టినరోజు, సెప్టెంబరు 21, అక్కడ సెలవు. అక్రాలోని స్మారక పార్కులో కొత్త విగ్రహంతోపాటు, నాడు కూల్చిన తలలేని విగ్రహాన్నీ దాచుకున్నారు. ఆయన అందరివాడయ్యారు. పార్టీయే ఎవరికీ కాకుండాపోయింది.

అయినా ఎర్రకోడి పార్టీ ఇంకా నామినేషన్లు వేస్తోంది. ఓడిపోతున్నా ఎవరూ ఆపడం లేదు, ఎవరూ జైల్లో పెట్టడం లేదు. ఆనాడు తాను ఎదుటివారికి ఇవ్వని హక్కే ఈనాడు దాన్ని బతికిస్తోంది!