ఏ ఆధారంతో వర్గీకరించారు?

విద్యార్థులారా! అనేక కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి అవయవ వ్యవస్థ ఏర్పడతాయని మీరు పాఠంలో చదివే ఉంటారు. గుండె రక్తప్రసరణ వ్యవస్థకు, మూత్రపిండాలు విసర్జక వ్యవస్థకు చెందుతాయని పట్టిక వేసి బట్టీ పడతారు కూడా. పట్టిక వేయడం తప్పు కాదు. ఏ ఆధారంతో వేశామో అడగకుండా బట్టీ పట్టడమే తప్పని నా అభిప్రాయం.

క్లోమాన్ని తీసుకోండి. అది జీర్ణరసాన్ని నాళం ద్వారా చిన్నపేగులోకి పంపుతుంది. ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి వదులుతుంది. మరి దాన్ని జీర్ణవ్యవస్థలో చేర్చాలా, వినాళ గ్రంథులలో చేర్చాలా? రెండింటిలోనూ చేర్చాలి. గడులు మనం గీసుకున్నవే కదా!

ఇక పనిని బట్టి చూస్తే ఒక లెక్క, నిర్మాణాన్ని బట్టి చూస్తే మరో లెక్క. మా సైనిక్‌పురిలో పొద్దుగూకగానే గబ్బిలాలు ఎగురుతాయి. గబ్బిలం రెక్క, సీతాకోకచిలుక రెక్క ఎగరడానికే ఉపయోగపడతాయి కనుక అవి క్రియాసామ్య అవయవాలు. కాని సీతాకోకచిలుక రెక్కలో ఎముకే లేదు. గబ్బిలం రెక్కలోనైతే మీ చేతిలో ఉన్నట్లే భుజాస్థి, ముంజేతి ఎముకలు, వేళ్ల ఎముకలు ఉన్నాయి. పని వేరైనా మీ చెయ్యి, గబ్బిలం రెక్క నిర్మాణసామ్య అవయవాలు. ఈ తేడాను 1843లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ స్పష్టంగా నిర్వచించాడు.

దీనివల్ల ఉపయోగమేమిటి అంటారా? హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియంలో కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని చూడండి. గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన ఈ జంతువుకు పి. యాదగిరి 1988లో ఆ పేరు పెట్టారు. దొరికినవి కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకల భాగాలు. ఆ జంతువు నడవగా చూసిన మనిషి లేడు. అయినా ఇది తొడ ఎముక, ఇది భుజాస్థి అని చెప్పగలిగారు. ఎలాగ? ఎముక ఆకారాన్ని, పక్క ఎముకతో కలిసే కీలును పరిశీలించి, ఇతర జంతువుల ఎముకలతో పోల్చి! ఇక్కడ నిర్మాణమే ఆధారం.

కాబట్టి మీరు పట్టిక వేసినప్పుడల్లా దాని పైన ‘పనిని బట్టి’ అనో, ‘నిర్మాణాన్ని బట్టి’ అనో రాయండి. ఒకే అవయవం రెండు గడుల్లో కనిపిస్తే కొట్టివేయకండి, కారణం వెతకండి. ఉపాధ్యాయులకూ ఒక మనవి: పరీక్షలో జవాబుకు ఒక మార్కు వేస్తే, దానికి చెప్పిన కారణానికి రెండు మార్కులు వేయండి.