పారిసులో మన యిండ్లకు జప్తు

2021వ సంవత్సరము జూలై నెలలో పారిసు నగరమునుండి వచ్చిన యొక వార్త మనదేశమున పెక్కుర మనస్సులను నొప్పించెను. ఆ నగరమధ్యమున భారత ప్రభుత్వమువారికి గల యిరువది ఆస్తులు, రెండుకోట్ల యూరోలకు పైబడిన విలువ గలవి, అచటి న్యాయస్థానపు టుత్తరువుచే స్తంభింపజేయబడినవి. మన యుద్యోగులు వానిలో కాపురముండవచ్చును గాని ప్రభుత్వమువారు వానిని అమ్ముటకు వీలులేదు. ఆ యుత్తరువును సంపాదించినవారు కెయిర్న్ ఎనర్జీ యను స్కాట్లండు కంపెనీవారు. పరదేశపు కోర్టు స్వతంత్ర భారతముయొక్క యిండ్లపై చేయి వేయుటయా యని పలువురు మండిపడిరి. మేమును మొదట మండిపడితిమి. తగవుయొక్క పూర్వకథను తెలిసికొన్న పిదప మా కోపము పారిసును విడిచి ఢిల్లీకి మరలినది.

కోనసీమవారికి ఈ కంపెనీ పేరు క్రొత్తది గాదు. ఉప్పలగుప్తము మండలమందలి ఎస్. యానాము తీరమున రవ్వ చమురు సముద్రమునుండి గట్టెక్కు చోటును ఎరుగని అమలాపురపు వాడుండడు. 1996 మొదలుకొని ఆ క్షేత్రమును నడపినవారు కెయిర్న్ వారే. 2011లో వారి భారతీయ శాఖ వేదాంతవారి చేతికి పోయినది. అయితే పారిసుదాక పోయిన తగవు చమురును గూర్చినది గాదు. 2006లో ఆ కంపెనీవారు తమ భారతదేశపు వ్యాపారమును ఒక క్రొత్త కంపెనీ క్రిందికి మార్చుకొనిరి. అప్పుడు వారిని పన్ను అడిగినవారు లేరు. 2012లో ప్రభుత్వమువారు ఏబది యేండ్ల వెనుకకు బ్రాకునట్లుగా ఆదాయపు పన్ను చట్టమును సవరించిరి. 2014లో కంపెనీకి మిగిలియున్న నూటికి పదివంతుల వాటాలను అమ్మరాదని కట్టడి చేసిరి. 2015లో 10,247 కోట్ల రూపాయల పన్ను వేసిరి. తగవు తీరకముందే, 2018లో ఆ వాటాలలో పెక్కింటిని తామే అమ్మి సొమ్ము జమకట్టుకొనిరి. పాఠకమహాశయులారా, ముందుగా పరుల యాస్తిని స్తంభింపజేసిన దెవరు?

2020 డిసెంబరులో హేగు మధ్యవర్తులు మువ్వురు ఏకగ్రీవముగా కంపెనీపక్షమున తీర్పు చెప్పిరి. ఆ మువ్వురిలో మన ప్రభుత్వమువారు నియమించుకొన్న మధ్యవర్తియు నొకడు! 120 కోట్ల డాలర్లకు పైగా, వడ్డీతోగూడ, చెల్లింపవలెనని తీర్పు. మనవారు చెల్లింపక నెదర్లాండ్సు కోర్టులో సవాలు చేసిరి. అంతట కంపెనీవారు దేశదేశముల కోర్టుల తలుపులు తట్టిరి. పారిసు తలుపు తెరచుకొన్నది. ఆగస్టులో పార్లమెంటు ఆ వెనుకబ్రాకుడు పన్నును రద్దుచేసెను. 2022 ఫిబ్రవరిలో సుమారు 7,900 కోట్ల రూపాయలు, వడ్డీ లేకుండ, కంపెనీకి తిరిగి ముట్టినవి. ఏండ్లతరబడి వాదప్రతివాదములు చేయజాలని పనిని ఇరువది యిండ్ల జప్తు నెలదినములలో చేసినదని మా తలంపు. ప్రభుత్వమువారు ఒప్పుకొనకపోవచ్చును.

అట్లని ప్రతి జప్తును మేము మెచ్చము. 2022 జనవరిలోనే దేవాసు తగవునను పారిసులో మరియొక మన యిల్లు స్తంభించిన వార్త వచ్చెను. ఆ కంపెనీ మోసముతో పుట్టినదని మన సుప్రీముకోర్టు అదే నెలలో తీర్మానించినది. అట్టిచోట పోరాడుట ప్రభుత్వమువారి ధర్మమే. ఎదుటివాని మాట వినకుండగనే పుట్టు ఉత్తరువు గనుక దీనిని ఆచితూచి వాడవలెను. 1975లో ఇంగ్లండున డెన్నింగు ప్రభువు నౌకల అద్దె తగవులలో దీనికి రూపము కల్పించినప్పుడు, బాకీదారుడు సొమ్మును దేశము దాటించి తీర్పును వట్టి కాగితము చేయకుండుటయే ఉద్దేశము. మన సివిలు ప్రొసీజరు కోడునందలి 38వ ఆర్డరు 5వ రూలు ఇంచుమించు ఇట్టిదే. సామాన్యపు బాకీని తాకట్టు బాకీగా మార్చుకొనుటకు దీనిని సాధనము చేసికొనరాదని 2008లో సుప్రీముకోర్టు హెచ్చరించినది.

అంబాజీపేట కొబ్బరి వర్తకుడును, తీరపు రొయ్యల యెగుమతిదారుడును ఈ కథను తమది కాదని త్రోసివేయరాదు. సరకు ముందు పోవును. సొమ్ము వెనుక వచ్చును, లేదా రాదు. పరదేశపు కొనుగోలుదారుడు సరకు దిగమింగి మొగము చాటువేసినప్పుడు మన యెగుమతిదారునికి దిక్కు మధ్యవర్తి తీర్పు, దానిని అమలుజరుపు అచటి కోర్టు. మన ప్రభుత్వమే తనకు వ్యతిరేకమైన తీర్పును లెక్కచేయదను పేరు పడినచో, ఇతర దేశముల కోర్టులలో మన వర్తకుడు ఏ మొగముతో నిలుచును? రవ్వ ఖర్చుల లెక్కపై కౌలాలంపూరులో 2011లో వచ్చిన తీర్పును సైతము మనవారు తొమ్మిదేండ్లు ఎదిరించి, 2020 సెప్టెంబరులో సుప్రీముకోర్టులో ఓడిపోయిరి.

ఇక నొకమాట. కంపెనీకి హేగు గలదు, పారిసు గలదు. ఈ చమురు, ఈ గ్యాసు గొట్టములు ఎవరి కొబ్బరితోటల క్రింద పోవుచున్నవో వారికి అట్టి సంధిపత్రము లేదు. 1995లో పాశర్లపూడి బావి మంట నెలల తరబడి ఆరలేదు. 2014లో నగరములో గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మడిసిరి. వారి పక్షమున ఎవరి యిండ్లును స్తంభింపలేదు.

మేము కోరునది రెండు సంగతులు. పరదేశపు మధ్యవర్తుల తీర్పును ప్రభుత్వమువారు సవాలు చేయదలచినచో తీర్పు సొమ్మును ముందుగా కోర్టున డిపాజిటు చేయవలెను. అమలాపురము, రాజోలు, కొత్తపేట కోర్టులలో 38వ ఆర్డరు క్రింద దాఖలగు దరఖాస్తును వారములోపల విచారించునట్లు హైకోర్టువారు కట్టడి చేయవలెను. ఇప్పటి తీరున నోటీసు అందువేళకు బాకీదారుని కొట్టునకు తాళము పడియుండును, సరకు లారీ యెక్కియుండును.